మబ్బులో బీరువా

ఆయన పోయారన్న కబురు మా కాలేజీ గ్రూపులోకి పొద్దున కాఫీ వేళకు వచ్చింది. వరసగా చేతులు జోడించిన బొమ్మలు పడ్డాయి. 'ఓం శాంతి' పడింది, 'తీరని లోటు' పడింది. ఎవరో ఒక దీపం బొమ్మ పెట్టారు. ఆ దీపం కొండెక్కకముందే ఇంగ్లీషు శాఖ నుంచి ఒక ప్రశ్న వచ్చింది: "ఇప్పుడు ఇంటర్నల్ మార్కుల ఫోల్డరు ఎవరు తెరుస్తారు?" దండాల కంటే ఆ ప్రశ్నకే ఎక్కువమంది స్పందించారు. ప్రిన్సిపాలు గారు ముందు "నాకూ అదే సందేహం" అని రాసి, ఆ తర్వాత సంగతి గుర్తుకొచ్చి 'ఓం శాంతి' పెట్టారు.

నాకు నవ్వొచ్చింది. నవ్వి, ఫోను బోర్లించాను. ఆ గ్రూపు చదివుంటే మా అందరికంటే ఎక్కువ సంతోషించే మనిషి ఆయనే.

మాది తిరుపతిలో ఒక ప్రైవేటు డిగ్రీ కాలేజీ. నేను అక్కడ కామర్సు చెబుతాను. ఆయన ఆఫీసు సూపరింటెండెంటు. పొట్టి మనిషి. రోళ్ళు పగిలే ఎండల్లో కూడా చొక్కా చేతులు మణికట్టు దాకా దించి గుండీ పెట్టుకునేవారు. నుదుట సన్నగా నామం. జేబులో ఫోను, ఆ ఫోను బరువుకు ఒక పక్కకు జారిన జేబు. తెర మీద వేలు పెట్టే ముందు ఆ వేలిని నాలుకకు తాకించుకోవడం ఆయన అలవాటు. ఉద్యోగంలో చేరిన నాటి నుంచి ఫైళ్ళు తిప్పిన వేలు అది, దానికి కాగితానికీ గాజుకూ తేడా తెలియదు. తడి వేలుతో ఒకటి నొక్కితే ఇంకొకటి తెరుచుకునేది. అప్పుడు ఫోనును తొడకేసి తుడిచి, కళ్ళజోడు నెత్తి మీదికి నెట్టి, మళ్ళీ వేలు నాలుకకు తాకించుకునేవారు. ఈ తతంగం అయ్యేదాకా ఎదుటివాడు నిలబడి ఉండాలి. కూర్చోమంటే పని తొందరగా అయిపోతుందని ఆయన భయం.

నేను చేరిన కొత్తలో ఆయన దగ్గర నాలుగు ఇనప బీరువాలు, ఒక తాళాల గుత్తి ఉండేవి. ఏ కాగితం కావాలన్నా గుత్తి మొలలో నుంచి బయటికి రావాలి. అయితే బీరువాకు ఒక బలహీనత ఉంది. ఆయన సెలవు పెట్టిన రోజు మారు తాళంతో తీయొచ్చు, మరీ అవసరమైతే సుత్తి తెప్పించొచ్చు. రెండూ జరిగాయి. సుత్తి తెప్పించిన మర్నాడు ఆయన వొంగిపోయిన ఆ బీరువా తలుపు ముందు నిలబడి, దాన్ని అరచేత్తో నిమరడం నేను చూశాను.

తర్వాత మా కాలేజీకి ఆధునికత వచ్చింది. ఫైళ్ళన్నీ స్కాన్ చేసి క్లౌడులో పెట్టాలని, ఎవరికి ఏది కావాలన్నా ఒక లింకు పంపితే చాలునని యాజమాన్యం ఒక శిక్షణ పెట్టింది. ఇకమీదట కాగితం కోసం ఎవరూ ఎవరినీ బతిమాలాల్సిన అవసరం లేదని ఆ శిక్షణ ఇచ్చిన యువకుడు చెప్పాడు, పాపం. మేమందరం భోజనం చేసి వచ్చి నిద్రకు తూగుతున్నాం. మెలకువగా ఉన్నది ఈయన ఒక్కరే. ఒకే లింకును కొందరు చూడగలిగేలా, కొందరు మార్చగలిగేలా, మిగిలినవాళ్ళు తలుపు దగ్గరే ఆగిపోయేలా పెట్టొచ్చని ఆ అబ్బాయి చెప్పినప్పుడు ఆయన ముందుకు వంగారు. తలుపు దగ్గర ఆగిపోయినవాడు ఏం చెయ్యాలని అడిగారు. యజమానికి విన్నపం పెట్టుకోవాలి సార్ అన్నాడు అబ్బాయి. యజమాని అంటే ఎవరని అడిగారు. ఫైలు ఎవరు ఎక్కిస్తే వాళ్ళే అన్నాడు.

స్కానింగు పని తాను చేస్తానని ఆయన ఆ సాయంత్రమే ముందుకొచ్చారు. ఆ వయసులో ఆయన ఉత్సాహాన్ని యాజమాన్యం మెచ్చుకుంది. కాలేజీ పుట్టినప్పటి నుంచి ఉన్న ప్రతి కాగితాన్నీ ఆయన తన సొంత ఖాతాలోకి ఎక్కించారు. బీరువాలు పాత ఇనుముకు పోయాయి. ఆయన వాటివైపు తిరిగి కూడా చూడలేదు.

"ఫైళ్ళన్నీ యాడ సార్" అని ఎవరన్నా అడిగితే చూపుడువేలు పైకెత్తి, "మబ్బులో ఉండాయప్పా" అనేవారు. మా చిత్తూరు వైపు మబ్బంటే చీకటని కూడా అర్థం. ఆ రెండో అర్థమే నిజమని మాకు వారంలో తెలిసింది. అయినా, మా సీమలో మబ్బును నమ్మి బాగుపడినవాడు ఎవడున్నాడు?

అంతకుముందు టైంటేబులు గోడకు అంటించేవాళ్ళు. ఇప్పుడు లింకు వచ్చింది. నొక్కితే, మీకు అనుమతి లేదు, అనుమతి కోరండి అని వచ్చేది. ఏ క్లాసుకు పోవాలో తెలుసుకోడానికి అనుమతి కోరేవాళ్ళం. అది వచ్చేసరికి ఆ క్లాసు అయిపోయేది. మా కాలేజీలో అధ్యాపకుల పనిభారం తగ్గించిన మొట్టమొదటి మనిషి ఆయనే. ఒకసారి వాన కారణంగా రేపు సెలవన్న నోటీసును కూడా లింకుగానే పంపారు. అడిగినవాళ్ళు ఇంట్లో పడుకున్నారు. అడగనివాళ్ళం తడుస్తూ వచ్చి తాళం వేసిన గేటును చూసి వెళ్ళాం.

ఎవరైనా విసుక్కుంటే ఆయన దగ్గర ఒకటే జవాబు.

"అడగందే అమ్మయినా పెట్టదప్పా. అడుగు."

అడిగితే సరిపోదు. విన్నపం కింద ఒక గడి ఉంటుంది, కావాలంటే ఏదైనా రాయొచ్చని. ఆ 'కావాలంటే' అన్న మాటను ఆయన మా కాలేజీ వరకు రద్దు చేశారు. గడి ఖాళీగా ఉంటే విన్నపం తిరిగొచ్చేది. 'అర్జెంట్' అని ఉంటే ఆ పూటకు పక్కన పడేది. ఎందుకు కావాలో, ఎంతలో పని అయిపోతుందో వాక్యాలుగా రాస్తే సాయంత్రంలోగా తెరుచుకునేది. మా గణితం మేడం పిల్లవాడికి జ్వరమని, తొందరగా ఇంటికి పోవాలని ఒకసారి రాశారు. ఫైలు వెంటనే తెరుచుకుంది. మర్నాడు ఆయన ఆమె బల్ల దగ్గరికి వెళ్ళి పిల్లవాడికి జ్వరం తగ్గిందా అని అడిగి వచ్చారు. ఆ తర్వాత మా కాలేజీలో అందరి పిల్లలకూ తరచుగా జ్వరాలు రావడం మొదలైంది.

ఆయనకు ఈ తిక్క ఎక్కడి నుంచి వచ్చిందో నాకు కొంత తెలుసు. తిరుపతిలో కాపురం ఉండేవాడికి చుట్టాలకు కరువుండదు. దర్శనానికి ఒక సిఫార్సు ఉత్తరం ఇప్పించగలిగినవాడు ఈ ఊళ్ళో మనిషి, ఇప్పించలేనివాడు వసతి గృహం. ఆయన వసతి గృహం. ఆయన బావమరిది గూడూరులో నిమ్మకాయల వ్యాపారి. వచ్చినప్పుడల్లా ఒక సంచెడు నిమ్మకాయలు తెచ్చేవాడు. ఈయన ఉత్తరం కోసం ఎవరెవరి గుమ్మాల ముందో పొద్దున్నుంచీ నిలబడి, చొక్కా తడిసిపోయి, ఉత్త చేతులతో తిరిగొచ్చేవారు. బావమరిది ఏమీ అనేవాడు కాదట. నిమ్మకాయల సంచిని మాత్రం చిన్నది చేస్తూ పోయాడట. ఇదంతా ఆయనే నాకు చెప్పారు, ఏదో వేరే మనిషి సంగతి చెబుతున్నట్టు నవ్వుతూ.

ఇక కమిటీ వచ్చిన రోజు సంగతి. కాలేజీని చూసి గ్రేడు ఇవ్వడానికి బయటి నుంచి పెద్దవాళ్ళు వచ్చారు. అంతకు కొద్దిరోజుల ముందే మా కొత్త ప్రిన్సిపాలు స్టాఫు మీటింగులో సూపరింటెండెంటు గారు ఏదో చెప్పబోతే మధ్యలో ఆపి, గుమాస్తా పని గుమాస్తా చూసుకుంటే బాగుంటుందన్నారు. ఈయన సరే సార్ అని కూర్చున్నారు. ఆ 'సరే' మామూలు సరే కాదని మాకందరికీ అర్థమైంది, ఒక్క ప్రిన్సిపాలుకు తప్ప.

సెమినారు హాల్లో కమిటీ కూర్చుంది. పన్నీరు చల్లడం, శాలువాలు అయ్యాయి. ప్రిన్సిపాలు కోటు సవరించుకుని, మా కాలేజీ పూర్తిగా డిజిటల్ అని ఇంగ్లీషులో చెప్పి, గోడంత తెర మీద లింకు నొక్కారు. మీకు అనుమతి లేదు, అనుమతి కోరండి అని గోడంత అక్షరాలు వచ్చాయి. మళ్ళీ నొక్కారు. మళ్ళీ అవే. ప్రిన్సిపాలు నావైపు చూసిన చూపుకు నేను లేచి పరుగెత్తాను.

ఆయన క్యాంటీన్లో మైసూరు బోండా తింటున్నారు. ఫోను బల్ల మీద, చట్నీ గిన్నె పక్కన వెలుగుతోంది. నేను రొప్పుతూ సంగతి చెప్పాను.

"రిక్వెస్టు వచ్చినాది, సూసినా. గడిలో ఏమీ రాయలేదు" అన్నారు.

కమిటీ ఎదురు చూస్తోంది సార్ అన్నాను.

"కమిటీ అడగలేదు గదప్పా. అడిగింది ప్రిన్సిపాలు. కారణం రాయమను."

నేను హాలుకు పరుగెత్తి ప్రిన్సిపాలు చెవిలో చెప్పాను. ప్రిన్సిపాలు కమిటీ చూస్తుండగా ఆ గోడ మీదే టైపు చేశారు. తొందరలో 'ప్లీజ్' అన్న ఇంగ్లీషు మాటను మూడక్షరాలకు కుదించారు. అది తిరిగొచ్చింది. నేను మళ్ళీ క్యాంటీనుకు పరుగెత్తాను. ఆయన రెండో బోండా మధ్యలో ఉన్నారు. అక్షరాలు మిగిల్చుకొని ఆయప్ప ఏం చేసుకుంటాడో కనుక్కోమన్నారు. నేను కనుక్కోలేదు. హాలుకు పోయి, పూర్తిగా రాయండి సార్ అని మాత్రం చెప్పాను. ప్రిన్సిపాలు మెడ చెమటతో తడిసిపోగా, గౌరవనీయులైన సూపరింటెండెంటు గారికి అని మొదలుపెట్టి, దయచేసి ఈ ఫైలు చూసేందుకు అనుమతి ఇవ్వవలసిందిగా కోరుతున్నానని మొత్తం రాశారు. మెట్టు తర్వాత మెట్టు కొండ ఎక్కుతున్నట్టు ఆయన ఊపిరి మైకులో వినిపిస్తోంది.

ఫైలు తెరుచుకుంది. చూసేందుకు మాత్రమే. మొదటి పేజీలోనే ప్రిన్సిపాలు పేరులో ఒక అక్షరం తప్పు పడి ఉంది. దిద్దబోతే కుదరలేదు. ఆ రోజంతా కమిటీ ఆయన్ను ఆ తప్పు పేరుతోనే పిలిచింది.

ఆ తర్వాత జరిగినదాన్ని మేమెవరం ఊహించలేదు. కమిటీ అధ్యక్షుడు సాయంత్రం మాట్లాడుతూ, ఈ కాలేజీలో ప్రిన్సిపాలు కూడా అనుమతి లేకుండా ఒక్క ఫైలు తాకలేకపోవడం తనను కదిలించిందని, సమాచార భద్రతలో ఇలాంటి క్రమశిక్షణ తాను ఎక్కడా చూడలేదని మెచ్చుకున్నారు. ఈ వ్యవస్థ ఎవరిదని అడిగారు. ప్రిన్సిపాలు లేచి, తమదేనని చెప్పుకున్నారు. వెనక వరసలో కూర్చున్న ఈయన అందరికంటే గట్టిగా చప్పట్లు కొట్టారు. ఇక ఆయన జోలికి పోయే మార్గం ఎవరికీ లేకుండా పోయింది.

ఆయనకు గుండె జబ్బు బయటపడింది ఆ మరుసటి ఏడు. ఆసుపత్రిలో చేర్చారని తెలిసి ఒక మధ్యాహ్నం చూడబోయాను. చేతికి సూది, ముక్కుకు గొట్టం, ఛాతీ మీద ఫోను. నర్సు వచ్చి దాన్ని తీసి అల్మారాలో పెట్టేది. ఆమె పోగానే ఆయన భార్య వైపు చూసేవారు. ఆమె మారు మాట్లాడకుండా తీసి ఇచ్చేది. వేలు నాలుకకు తాకించుకుందామంటే గొట్టం అడ్డం. అయినా ఎలాగో తాకించుకున్నారు.

"పదిమంది అడుగుతా ఉండారు. పండుకుంటే ఎట్ల?" అన్నారు నాతో.

కాలేజీ నుంచి వచ్చిన విన్నపాలన్నీ ఒక్కొక్కటిగా చూపించారు. ఎవరూ ఆయన ఆరోగ్యం అడగలేదు. అందరికీ పని ఉంది. వాటి మధ్యలో ఒక పొడుగాటి విన్నపం ఉంది. సత్యవేడు దగ్గరి పల్లె నుంచి, మా దగ్గర చదువుకుని వెళ్ళిన ఒకమ్మాయి రాసింది. ఇంటి కప్పు కారి సర్టిఫికెట్లన్నీ తడిసి అతుక్కుపోయాయనీ, తమ ఊరికి దగ్గరి కంపెనీలో ఉద్యోగానికి పిలుపు వచ్చిందనీ, మార్కుల పత్రం నకలు చూపకపోతే వేరేవాళ్ళను తీసుకుంటామన్నారనీ, నాయన కూలి పనిలో కాలు విరగ్గొట్టుకుని మంచం మీద ఉన్నాడనీ, తను చేరితేనే ఇల్లు గడుస్తుందనీ రాసింది. గడిలో పట్టక, రెండో విన్నపం పెట్టి మిగిలిన సంగతి అందులో రాసింది.

ఆయన దాన్ని నాకు చదివి వినిపించారు, గొంతు ఆగి ఆగి. "సూడప్పా, ఎంత వివరంగా రాసిందో. మీ ప్రిన్సిపాలు డాక్టరేటు. ఆయన రాసింది 'అర్జెంటు'."

వెంటనే అనుమతి ఇచ్చారు. ఇచ్చి ఊరుకోలేదు. తెరుచుకుందో లేదో కనుక్కోమని నాచేత ఫోను చేయించారు. తెరుచుకుంది సార్ అని ఆ అమ్మాయి చెప్పగానే ఫోను తన చెవి దగ్గర పెట్టమన్నారు. పెట్టాను.

"మీ నాయన కాలు ఇప్పుడెట్ల ఉండాదమ్మా?" అని అడిగారు.

అవతల నుంచి చాలాసేపు మాటలు వచ్చాయి. ఆయన ఊఁ కొడుతూ విన్నారు. కట్టు విప్పే ముందు ఇంకోసారి ఎక్స్‌రే ఫొటో తీయించమని చెప్పారు. తాను ఎక్కడ పడుకుని మాట్లాడుతున్నదీ ఆ అమ్మాయికి చెప్పలేదు.

ఫోను పెట్టేశాక కళ్ళు మూసుకుని, "కాగితాలు ఇచ్చినన్నాళ్ళూ నా బల్ల ముందరికి మనుషులు రాలేదప్పా. చేతులు వచ్చినాయి. తీసుకోని పొయ్యినాయి" అన్నారు.

మరుక్షణమే కళ్ళు తెరిచి, నాది కూడా ఒక విన్నపం పెండింగులో ఉందనీ, కారణం సరిగా రాయలేదు గనక ఆపాననీ గుర్తు చేశారు.

ఇంటికి వచ్చారు, మళ్ళీ కొన్నాళ్ళు ఆఫీసుకు కూడా వచ్చారు. ఒకనాటి తెల్లవారుజామున నిద్రలోనే పోయారు.

కర్మలు ఇంకా కాలేదు, మా కాలేజీ మొత్తం పరామర్శకు బయలుదేరింది. ఇంత పెద్ద ఎత్తున మేము ఏ సహోద్యోగి ఇంటికీ పోయినట్టు నాకు గుర్తులేదు. ప్రిన్సిపాలు ఆపిల్ పండ్లు తెచ్చారు. ఇంటి ముందు షామియానా కింద కుర్చీల్లో కూర్చుని, ఆయన ఎంత గొప్పవాడో ఒకరికొకరు చెప్పుకున్నారు. పరీక్షలు దగ్గర పడుతున్న కొద్దీ ఆయన మరింత గొప్పవాడవుతున్నారు. చివరికి ప్రిన్సిపాలు గొంతు తగ్గించి, లోపలికి వెళ్ళి సూపరింటెండెంటు గారి భార్యతో మాట్లాడమని నన్ను పంపారు. ఆసుపత్రికి వెళ్ళింది నేనొక్కడినే గనక నాకు చనువుందని ఆయన అంచనా.

ఆమె వంటింటి గడప పక్కన చాప మీద కూర్చుని ఉంది. నేను తడబడుతూ సంగతి చెప్పాను. ఆమె లేచి, పటం ముందు పెట్టిన ఫోను తెచ్చి నా చేతికిచ్చింది. తాళం గీత ఎలా గీయాలో ఆమెకు తెలుసు. తెరిచి చూస్తే, ఆయన పోయిన తర్వాత వచ్చిన విన్నపాలు గుట్టగా ఉన్నాయి. ఆయన లేరని 'ఓం శాంతి' పెట్టినవాళ్ళే ఏమవుతుందో చూద్దామని మళ్ళీ నొక్కినట్టున్నారు. అలవాటు కొద్దీ కారణాలు కూడా రాశారు. గౌరవనీయులైన అని మొదలుపెట్టి, దయచేసి అని ముగించారు. బతికుండగా ఆయన్ను ఇంత వినయంగా ఎవరూ అడగలేదు.

కాలేజీ సిబ్బంది అందరికీ ఫోల్డరు తెరుచుకునే విధంగా మార్చి, ఆఖరి మీట నేను నొక్కబోయి ఆగాను. అక్కా, మీరు నొక్కండి అన్నాను. ఎక్కడని అడిగింది. చూపించాను. చీర కొంగుకు వేలు తుడుచుకుని నొక్కింది.

షామియానా కింద కుర్చీలు కదిలిన చప్పుడైంది. తెరుచుకుందని ఎవరో అన్నారు. నాకూ తెరుచుకుందని ఇంకెవరో అన్నారు. ఆ తర్వాత అందరికీ ఒకేసారి పనులు గుర్తొచ్చాయి. ప్రిన్సిపాలు గుమ్మం దాకా వచ్చి, ఏ అవసరమున్నా ఫోను చెయ్యమ్మా అని, ఆమె జవాబు వినకుండా వెళ్ళారు. బండ్లు స్టార్టయ్యాయి. ఎదురింటివాళ్ళు ఫ్లాస్కులో కాఫీ తెచ్చేసరికి షామియానా కింద మనిషి లేడు.

ఆమె ఫోను వైపే చూస్తోంది.

"అంతేనా నాయనా? ఇట్ల నొక్కితే అయిపోతాదా?" అంది.

అంతే అక్కా అన్నాను.

"మరి ఆయన పొద్దస్తమానం పని, పని అని దాని ముందరే కూసోనుండె. అన్నానికి పిలిస్తే కూడా, ఉండు, అడుగుతా ఉండారు అనె. ఇంత సులువైన పనికా?"

కామర్సు చెప్పేవాణ్ణి, అబద్ధం చెప్పడం నాకు బాగా రావాలి.

"లేదక్కా" అన్నాను. "ఇప్పుడు మనం అందరికీ కలిపి తెరిచేసినాం గనక సులువుగా ఉండాది. ఆయన ఒక్కొక్కరిదీ చదివి ఇస్తా ఉండె. అది చానా కష్టం."

ఆమె తలూపింది. "నేనూ అట్లనే అనుకున్యా" అని, ఫ్లాస్కు మూత తీసి నాకు కాఫీ పోసింది.